పాత గొట్టాలతో కొత్త తుపాకులు: స్ప్రింగ్‌ఫీల్డ్ పునర్నిర్మాణం (1865–1868)

1865లో అంతర్యుద్ధం ముగిసేనాటికి అమెరికా సైన్యం వద్ద మూతి నుండి మందు కూరే తుపాకులు లక్షల సంఖ్యలో మిగిలిపోయాయి. వెనుకనుండి లోహపు తూటా నింపే పద్ధతి రావడంతో వాటికి కాలం చెల్లింది. ఉన్నవాటిని మార్చుకోవడమే పొదుపైన మార్గంగా తోచింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల ప్రధాన నిపుణుడు ఎర్స్కిన్ ఆలిన్ గొట్టం వెనుకభాగాన్ని పైవైపు కోసి, పెట్టె మూతవలె పైకి లేచే దిమ్మను అమర్చాడు. 1865 నమూనాలో రంధ్రం వ్యాసం 0.58 అంగుళాలుగానే ఉండిపోగా తూటా శక్తి చాలలేదు. 1866 నమూనాలో పాత గొట్టాన్ని తొలిచి, లోపల మరొక సన్నని గొట్టాన్ని అతికి, వ్యాసాన్ని 0.50 అంగుళాలకు తగ్గించారు.

1866 డిసెంబరు 21న, నేటి వయోమింగ్‌లోని ఫిల్ కియర్నీ కోట సమీపాన, ఫెటర్‌మన్ నాయకత్వంలోని 81 మందీ హతులయ్యారు. వారిలోని కాల్బలానివి పాతరకం తుపాకులే. 1867 ఆగస్టు 2న అదే కోట సమీపాన, పునర్నిర్మిత తుపాకులు పట్టిన చిన్న దళం బండిపెట్టెల చాటునుండి లకోటా యోధుల దాడులను గంటల తరబడి నిలువరించింది.

అయినను 1868 లారమీ కోట ఒప్పందానంతరం ప్రభుత్వం ఆ కోటను విడిచిపెట్టింది. రెడ్ క్లౌడ్ కోరినదీ అదే. కనుక ఆ ఒక్క పోరు ఫలితాన్ని బట్టి యుద్ధ ఫలితాన్ని నిర్ణయించడం చారిత్రకంగా సమంజసం కాదు.