పద్దెనిమిది రాత్రుల భారతం: కరపత్రంలో లేని పేర్లు

మదనపల్లె అనగానే మీ ఫోన్లో టమోటా మార్కెట్ తర్వాత వచ్చేది ఒకటే కథ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడి బీటీ కాలేజీకి వచ్చారు, జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. నిజమే. రాసిపెట్టారు కాబట్టే నూరేళ్ళు దాటినా చెప్పుకుంటున్నాం.

ఈరోజు నేను చెప్పేది, ఎవరూ అంత శ్రద్ధగా రాసిపెట్టని ఆట గురించి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా, ఊళ్ళకు ఊళ్ళే చేతులు కలిపి నిలబెట్టుకున్న ఆట. కరపత్రంలో 'మహాభారత యజ్ఞం' అని వేస్తారు. ఇళ్ళల్లో మాత్రం 'భారతం' అంతే. "ఈ ఏడు ఏ ఊర్లో భారతం?" అని అడుగుతారు.

ముందు చోటు చూడండి. కుప్పం మూడు రాష్ట్రాల మూల. ఒకప్పుడు అది కంగుంది జమీందారీ. పుంగనూరు ఇంకో జమీందారీ. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక ఇవన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఇటు కన్నడం, అటు అరవం, మధ్యలో మన తెలుగు. అందుకే ఇక్కడి వీధి నాటకం చూస్తే తమిళుల తెరుక్కూత్తుకు తోబుట్టువులా ఉంటుంది. కిరీటం, భుజకీర్తులు, ఇద్దరు మనుషులు పట్టుకునే తెర, ఆ తెర వెనకాల నుంచి గజ్జెల చప్పుడు. తెర తీయగానే దుర్యోధనుడు గిరికీలు కొడతాడు చూడండి, ఒంటి మీద అంత బరువు పెట్టుకుని! నేను జిమ్‌కు పోయే రోజుల్లో కూడా అట్లా పది చుట్లు తిరగలేకపోయాను.

సరే, ఇది నడిచేది ఎట్లా? ధర్మరాజుల గుడి ఉన్న ఊరు, చుట్టుపక్కల ఊళ్ళతో కూర్చుని మాట్లాడుకుంటుంది. ఎక్కువగా ఎండాకాలంలో, పొలం పని తక్కువున్నప్పుడు. భారతం చెప్పిస్తే వాన పడుతుందని మా అవ్వ గట్టిగా నమ్మేది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక్కో రోజు ఖర్చు ఒక్కొక్కరిది. దాన్ని ఉభయం అంటారు, పెట్టుకున్నవాళ్ళు ఉభయదారులు. ఒక రోజు ఒక ఊరు, ఇంకో రోజు ఒక కులం, మరో రోజు ఒక కుటుంబం. చందా ఇచ్చేసి చేతులు దులుపుకునే పని కాదు. ఆ రోజు నాటకం చెడితే మాట ఉభయదారులకే వస్తుంది.

డబ్బు ఒక్కటే అయితే ఇది ఇన్ని తరాలు నిలిచేది కాదు. కథలోకి ఊరంతా దిగాలి. బకాసుర వధ రోజు భీముడు బండెక్కి వీధుల్లోకి వస్తాడు, ఇంటింటి నుంచి తిండి వేస్తారు. అర్జునుడి తపస్సు రోజు నిటారుగా నాటిన తపస్సు మాను మీదికి వేషగాడు పద్యాలు పాడుతూ ఎక్కుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కింద ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం ఎదురుచూపు. చివరి రోజు పొద్దున మైదానంలో బారెడు బారెడు చేతులతో మట్టి దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. ఆ మట్టి మోసేది, మలిచేది ఊరివాళ్ళే. భీముడు తొడ పగలగొట్టాక ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. చిన్నప్పుడు నేను ఆ మట్టి దుర్యోధనుడి బొటనవేలి పక్కన కూర్చుని చెరకు నమిలాను. నాకంటే ఆ వేలే పెద్దది.

అదే కాలంలో మద్రాసులో ఇంకో కథ నడిచింది. 1936లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్ర పెట్టారు. ఆ నాట్యానికి బడి వచ్చింది, పుస్తకాలు వచ్చాయి, గురువుల పేర్లు వచ్చాయి. తరతరాలుగా దాన్ని మోసిన దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ళు మాత్రం చాలావరకు పక్కకు జరిగిపోయారు. ఎవరి పేరు కాగితం మీద నిలుస్తుందనే తగువు ఊర్లోనే కాదు, పట్నంలోనూ ఉంది.

మన భారతానికి మళ్ళీ వస్తా. నేను దీన్ని పొగిడి వదిలేయలేను. కలిసి చేయడం వేరు, సమానంగా చేయడం వేరు. పలకలు మోగకపోతే పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర అయినా, కుప్పం గంగమ్మ జాతర అయినా ఊహించగలమా? ఆ పలక కొట్టేవాళ్ళ పేర్లు నేను చూసిన ఏ కరపత్రంలోనూ లేవు. ఉభయదారుల పేర్లు పెద్ద అక్షరాల్లో, నాయకుల ఫోటోలు ఇంకా పెద్దగా. రాత్రంతా ఎగిరినవాళ్ళకు 'ఫలానా ఊరి నాటక బృందం' అనే ఒక్క వరుస. ఆ బృందంలో చాలామంది పగలు కూలికి పోయేవాళ్ళు, చిన్న రైతులు. ఇంకో సంగతి, ద్రౌపది వేషం కూడా కట్టేది మగవాళ్ళే.

ఆ చివరి విషయంలో ఒక మార్పు వచ్చింది, అది నాకు భలే నచ్చింది. కోలాటం. ఇప్పుడు మా వైపు ఊళ్ళల్లో గురువు సాయంత్రాలు వచ్చి రామాలయం ముందర నేర్పిస్తారు. పని నుంచి వచ్చి, అన్నం వండేసి, ఆడవాళ్ళు కర్రలు పట్టుకుంటారు. అడుగు మర్చిపోతే ఫోన్లో వీడియో చూసుకుంటారు. నేర్చుకోవడం పూర్తయ్యాక ఊరి ముందు గజ్జె పూజ. టీటీడీ వాళ్ళ దాస సాహిత్య ప్రాజెక్టు లాంటివి ఉన్నాయి కాబట్టి ఇట్లాంటి బృందాలకు తిరుమల దారి తెరుచుకుంది. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఒకే రంగు చీరల్లో ఆడేవాళ్ళను టీవీలో చూసే ఉంటారు. వాళ్ళల్లో కొందరు మొన్నటిదాకా పెళ్ళిలో కూడా నలుగురి ముందు ఎగరనివాళ్ళు.

వీధి నాటకానికి అట్లాంటి దారి సరిగ్గా దొరకలేదు. జాతర డబ్బు ఆర్కెస్ట్రాకు, రికార్డింగ్ డాన్సుకు పోతోంది. కుర్రాళ్ళను తిట్టి లాభం లేదు. పదేళ్ళు నేర్చుకుని, రాత్రంతా గొంతు చించుకునే పనికి ఎవరు వస్తారు, పేరు కూడా రాకపోతే?

పోయిన ఎండాకాలం కుప్పం దగ్గర ఒక ఊర్లో, ఏళ్ళతరబడి ద్రౌపది వేషం కట్టిన ఒక పెద్దాయనను కలిశాను. ట్రంకు పెట్టెలో పాత కరపత్రాలన్నీ మడతలు పెట్టి దాచుకున్నారు. ఒక్కొక్కటే విప్పి చూశాం. ఉభయదారులు, హరికథ భాగవతార్, సౌండు సర్వీసు, ప్రింటింగ్ ప్రెస్సు, అందరి పేర్లూ ఉన్నాయి.

"మీ పేరేంది తాతా?" అన్నాను.

"ద్రౌపది అని అడిగితే చిన్న పిల్లోళ్ళు కూడా చూపిస్తారు నాయనా" అన్నారు.

అది కాదు, అసలు పేరు అని పట్టుబట్టాను. చెప్పారు, రాసుకున్నాను. వీడియోలో చెప్పొచ్చా అంటే కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపారు.

"ముందు మా ఊరి కరపత్రంలో వెయ్యమను" అన్నారు.