మాటయు వోటును: అమెరికా వలస చట్టముల చరిత్రనుండి ఒక పరిశీలన

ఎన్నికల వేదికపై పలికిన మాటకును, ఎన్నికల తరువాత సభలో వేసిన వోటునకును గల దూరమును కొలుచుట చరిత్రకారుని పనులలో నొకటి. అభ్యర్థి హృదయములో నేమున్నదో మన మెరుగజాలము. కాని అతడు ఏ దినమున ఏ బిల్లునకు అనుకూలముగా నిలిచెనో, ఏ దినమున వెనుకకు జరిగెనో సభల రికార్డులలో శాశ్వతముగా నుండును. చిత్తశుద్ధి యను మాటను మనము సులభముగా వాడుచుందుము. దానికి సాక్ష్యము మాత్రము వెనుకటి నడవడియే. ఈ సంగతిని అమెరికా సంయుక్త రాష్ట్రముల వలస చట్టముల చరిత్ర చక్కగా బోధించుచున్నది.

తరతరములుగా మధురై, తంజావూరు, బెంగుళూరు, బరంపురము, షోలాపురము, యానాము మున్నగు చోట్ల స్థిరపడిన మనకు అమెరికా చట్టములతో నేమి పని యని కొందరు పాఠకులు అడుగవచ్చును. అందుకు మా సమాధానములు రెండు. మొదటిది, మన యిండ్లలోని పిల్లలు అనేకులు నేడు ఆ దేశమున నున్నారు. మన పూర్వులు నాయకరాజుల కొలువును నమ్మి కావేరీతీరమునకు పోయినప్పుడు గాని, మగ్గమును నమ్మి షోలాపురమునకు పోయినప్పుడు గాని దారిలో ఆపి వీసా అడిగినవారు లేరు. మన పిల్లల బ్రదుకు అట్టిది కాదు. వారు అక్కడ ఎన్నియేండ్లు ఉండవచ్చునో, ఉద్యోగము మారవచ్చునో లేదో, తల్లిదండ్రులను చూచుటకు నిశ్చింతగా వచ్చిపోవచ్చునో లేదో నిర్ణయించునది అక్కడి చట్టము. రెండవది, అల్పసంఖ్యాకులమైన మనము కూడ ప్రతి యెన్నికలోను వాగ్దానములు వినుచునే యున్నాము. వానిని తూచుటకు ఒక త్రాసు మనకును అవసరము.

1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున, భారతీయులు ఆ దేశపు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. మరుసటి యేట, 1924లో, కోటాల చట్టము వెలువడెను. 1890 నాటి జనగణనను ఆధారముగా గొని, ఏ దేశమునుండి ఎందరు రావచ్చునో అది నిర్ణయించెను. ఉత్తర, పశ్చిమ ఐరోపా వాసులకు పెద్దపీట. దక్షిణ, తూర్పు ఐరోపా వాసులకు చిన్నపీట. ఆసియా వాసులకు తలుపే మూత. బ్రూక్లిన్ నుండి క్రొత్తగా ఎన్నికైన ఇమాన్యుయెల్ సెల్లర్ అను ప్రతినిధి ఆ చట్టమును సభలో గట్టిగా ప్రతిఘటించి ఓడిపోయెను. పాఠకులు ఈ పేరును జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి.

ఇరువదిరెండేండ్లకు, 1946 జూలై 2న, భారతీయులకు ఏటికి 100 మంది చొప్పున ప్రవేశమును, పౌరసత్వార్హతను కల్పించు చట్టముపై అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసెను. దానికి కర్తలు డెమోక్రాటిక్ పక్షమునకు చెందిన ఆ సెల్లరే, రిపబ్లికన్ పక్షమునకు చెందిన క్లేర్ బూత్ లూస్ అను మహిళయును. ఏటికి నూరుగురు అనగా ఒక పెండ్లిపందిరి కూడ నిండదు. అయినను మూసిన తలుపునకు అది మొదటి సందు.

1952లో మెకారన్, వాల్టర్ అను నాయకుల పేర మరియొక చట్టము వచ్చెను. జాతిని బట్టి పౌరసత్వమును నిరాకరించు పద్ధతిని అది తొలగించినను, దేశములవారీ కోటాలను మాత్రము నిలిపియుంచెను. ట్రూమన్ దానిని వీటో చేసెను. ప్రతినిధి సభ 278–113 వోటులతోను, సెనేటు 57–26 వోటులతోను ఆ వీటోను త్రోసివేసినవి. త్రోసివేసినవారిలో టెక్సాస్ సెనేటరు లిండన్ జాన్సన్ ఒకడు.

ఆ జాన్సనే పదమూడేండ్లకు పిమ్మట కోటాల పద్ధతిని సమూలముగా తొలగించు చట్టముపై సంతకము చేయుట చరిత్రలోని చిత్రములలో నొకటి. ఈ సంస్కరణను ముందుగా చేపట్టినవాడు జాన్ కెనడీ. ఆయన సెనేటరుగా నుండగా 1958లో వలసవారి దేశముగా అమెరికాను వర్ణించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. అధ్యక్షుడై 1963 జూలైలో కోటాల రద్దును కోరుచు కాంగ్రెసుకు సందేశము పంపెను. ఆ నవంబరులో హత్యకు గురియయ్యెను. జాన్సన్ 1964 జనవరిలో ఆ భారమును తలకెత్తుకొనెను. ఆ యేటి యెన్నికలలో ఆయన పక్షమునకు ప్రతినిధి సభలో 295, సెనేటులో 68 స్థానములు లభించెను. 1965 అక్టోబరు 3న స్వాతంత్ర్యదేవత విగ్రహము నీడలో చట్టముపై సంతకము జరిగెను. ఆ చట్టము హార్ట్, సెల్లరుల పేర ప్రసిద్ధము. 1924లో ఓడిన యువకుడు 41 ఏండ్లు కాచుకొని, తాను ఎదిరించిన పద్ధతిని తన చేతులతోనే కూల్చెను.

ఈ ముగ్గురిలో చిత్తశుద్ధి గలవా రెవరని ప్రశ్నించుకొందము. సెల్లరు విషయమున సందేహమునకు తావు లేదు. కెనడీ మాట నిజమైనదే. దానిని చట్టముగా మార్చుటకు ఆయనకు ఆయుర్దాయము చాలలేదు. జాన్సన్ వెనుకటి వోటును మాత్రమే చూచినవారు ఆయనను నమ్మియుండరు. కాని ఆ యుగమున ద్వారము తెరచినది ఆయన చేయియే. కావున ఒక్క వోటును పట్టుకొని మనిషిని తూచుట తగదు. నడవడి యనగా ఒక దినము కాదు, దినముల వరుస.

1965 చట్టము మేలుతోపాటు చిక్కులను కూడ తెచ్చెను. తూర్పు అర్ధగోళమున ప్రతి దేశమునకు సమానముగా ఏటికి 20,000 మంది యను పరిమితి యేర్పడెను. చిన్న దేశమునకును మహాదేశమునకును ఒకే కొలత. ఈ సమత్వమే 1990 చట్టమున ప్రతి దేశమునకు నూటికి 7 వంతుల హద్దుగా మారి, నేడు భారతీయుల గ్రీన్ కార్డు వరుసను ఎన్నియో యేండ్ల పొడవునకు సాగదీసినది. పశ్చిమార్ధగోళమునకు సైతము 1965లో తొలిసారిగా 1,20,000 హద్దు విధింపబడెను. మెక్సికో కూలీలను తాత్కాలికముగా రప్పించు ఒప్పందము 1964తో ముగిసెను. పొలములలో పని యున్నది, కూలివాడు ఉన్నాడు, కాగితమునకు మాత్రము దారి సన్నగిల్లెను. కాగితములు లేని వలస పెరుగుటకు ఇది యొక ముఖ్యకారణము.

ఆ వలసవారి విషయమున 1984 ఎన్నికలలో రీగన్, మాండేల్ ఎదురెదురుగా వాదించిరి. ఎన్నియో యేండ్లుగా నెలకొని వేళ్లూనినవారికి క్షమాభిక్ష నిచ్చుట తనకు సమ్మతమని రిపబ్లికన్ అభ్యర్థి రీగన్ దేశమంతయు చూచుచుండగా చెప్పెను. ఆనాడు సభల ముందున్న బిల్లును వలసవారికి మిత్రపక్షమని పేరొందిన డెమోక్రాటిక్ పక్షపు అభ్యర్థి మాండేల్ వ్యతిరేకించెను. అది చర్మచ్ఛాయను బట్టి వివక్షకు దారితీయునని ఆయన భయము. రీగన్ 1986 నవంబరు 6న సంతకము చేసిన చట్టమువలన సుమారు 27 లక్షల మందికి శాశ్వత నివాసము లభించెను. పక్షము పేరునుబట్టి అభ్యర్థిని నిర్ణయించుట ఎంత పొరపాటో ఇందువలన తెలియుచున్నది.

2005 నాటికి కాగితములు లేనివారి సంఖ్య ఒక కోటి దాటెను. ఆ మే నెలలో అరిజోనా సెనేటరు, రిపబ్లికన్ అయిన జాన్ మెకెయిన్, డెమోక్రాటు ఎడ్వర్డ్ కెనడీతో కలిసి ఒక సమగ్ర బిల్లును ప్రవేశపెట్టెను. తన పక్షములో అధికులకు అది విషతుల్యమని ఆయన ఎరుగును. 2006 మేలో అటువంటి బిల్లొకటి సెనేటులో 62–36తో నెగ్గినను ప్రతినిధి సభలో అడుగు పెట్టలేదు. 2007 జూన్ 28న మరియొక బిల్లు 46–53తో సెనేటులోనే కూలిపోయెను. అధ్యక్షపదవికై పోటీలో నున్న మెకెయిన్‌కు ఈ బిల్లువలన విరాళములు తగ్గెను, అనుచరులు చెదరిరి. అయినను ఆ జూన్ నెలలో ఆయన వెనుదీయలేదు.

అప్పుడే డెమోక్రాటిక్ పక్షమున అభ్యర్థిత్వమును కోరుచున్న బరాక్ ఒబామా నడవడి ఎట్టిది? 2006లోను, 2007లోను సమగ్ర బిల్లునకే ఆయన వోటు వేసెను. కాని 2007లో తాత్కాలిక కార్మిక పథకమును అయిదేండ్లకే అంతమొందించు సవరణను కూడ ఆయన సమర్థించెను. కార్మిక సంఘములకు ప్రియమైన ఆ సవరణ 49–48తో, ఒక్క వోటు తేడాతో, నెగ్గెను. ఉభయపక్షముల ఒడంబడికను చెరుపు సవరణ యని ఎడ్వర్డ్ కెనడీ దానిని వ్యతిరేకించెను. కూటమి గోడలో ఒక ఇటుకను లాగినవారిలో ఒబామాయు నొకడని చెప్పక తప్పదు.

2008లో పాత్రలు తారుమారయ్యెను. జనవరిలో జరిగిన చర్చలో, తన పేర వెలసిన బిల్లే మరల వచ్చినచో వోటు వేయుదువా యని యడుగగా, వేయనని మెకెయిన్ జవాబు చెప్పెను. సరిహద్దు రక్షణ ముందు జరుగవలె ననెను. ఒబామా మాత్రము పదవిలోని మొదటి సంవత్సరముననే బిల్లు తెచ్చెదనని మాట యిచ్చెను. ఆ రెండు మాటలను మాత్రమే విన్నవానికి ఎవరు చిత్తశుద్ధి గలవారో తేలికగా తోచియుండును.

ఆ తరువాతి కథ అంత తేలిక కాదు. మొదటి సంవత్సరము గడచెను, బిల్లు రాలేదు. ఆర్థికసంక్షోభము, ఆరోగ్య చట్టము ముందునకు వచ్చెను. అంతేకాక ఏటికి సుమారు 4 లక్షల మంది దేశమునుండి పంపివేయబడిరి. ఒబామా మిత్రులే ఆయనను నిష్ఠురముగా విమర్శించిరి. 2010లో మెకెయిన్ తన స్థానమును కాపాడుకొనుటకు సరిహద్దు కంచెను పూర్తి చేయుడని ప్రకటనలు వేయించెను. బాల్యముననే తల్లిదండ్రుల వెంట వచ్చిన యువకులకు దారి చూపు బిల్లునకు ఒకప్పుడు సహప్రతిపాదకుడైన ఆయన, 2010 డిసెంబరు 18న దానికి ప్రతికూలముగా వోటు వేసెను. అనుకూలముగా 55, ప్రతికూలముగా 41. చర్చను ముగించుటకు కావలసిన 60 లేకపోవుటచే బిల్లు మడిసెను. ఓడినది ఒక బిల్లు కాదు, బడి చదువు ముగించి ఏ దేశమునకును చెందని వేలకొలది పిల్లలు.

ఆ పిల్లలకై 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వము తాత్కాలిక రక్షణ కల్పించెను. ఎన్నికలు అయిదు నెలల దూరమున నున్నవి గనుక ఇది వోటులకే యని ప్రత్యర్థు లనిరి. కావచ్చును. అయినను కాలక్రమమున 8 లక్షల మందికి పైగా దానివలన ఉద్యోగము చేసికొను హక్కు పొందిరి. లాభము చూచుకొని చేసిన మేలు కూడ మేలే. కాని చట్టము కానిది గావున దాని ఆయుష్షు తరువాతి అధ్యక్షుల దయపైనను, న్యాయస్థానముల తీర్పులపైనను ఆధారపడవలసి వచ్చెను.

మెకెయిన్ మరల పాతదారికి వచ్చెను. 2013లో ఉభయపక్షముల సెనేటర్లు ఎనమండుగురు రచించిన సమగ్ర బిల్లునకు ఆయన ఒక కర్త. ఉద్యోగములపై ఆధారపడిన గ్రీన్ కార్డులకు దేశములవారీ 7 వంతుల హద్దును ఎత్తివేయు నిబంధన అందు కలదు. మన పిల్లల ఎదురుచూపునకు మందు ఆ కాగితములలో నుండెను. జూన్ 27న సెనేటు దానిని 68–32తో ఆమోదించెను. ఒబామా సంతకమునకు సిద్ధముగా నుండెను. ప్రతినిధి సభ మాత్రము దానిని చర్చకే చేపట్టలేదు. 2014 జూన్‌లో ఆ సభలో అధికపక్షపు నాయకుడైన ఎరిక్ కాంటర్ తన పక్షపు ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోగా, ఆ ఆశయు అడుగంటెను. 2018లో మెకెయిన్ మరణించునాటికి ఆ బిల్లు చట్టము కాలేదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది చెప్పెదము. అభ్యర్థిగా ఉన్నప్పుడు మెకెయిన్ రెండుమారులు జంకెను. ఎన్నిక దూరమున నున్నప్పుడెల్ల సాహసించెను. ఒబామా అభ్యర్థిగా ధారాళముగా వాగ్దానము చేసెను. అధికారమున ఆలస్యము చేసెను. ఇద్దరిలో ఎవరిని కపటి యనుటకును మేము సిద్ధముగా లేము. కాని మాట తనకు లాభమిచ్చు దినమున పలికినదా, నష్టము తెచ్చు దినమున పలికినదా అని చూచినచో మనకొక కొలబద్ద దొరకును. 2007 జూన్‌లోని మెకెయిన్ నిలకడకు 2008 నాటి వాగ్దానములకంటె విలువ యెక్కువ. అట్లే మనిషి ఒక్కడే చాలడు. 1965లో జాన్సన్‌కు సభలో బలగ ముండెను. 2013లో సంస్కర్తలకు అది లేదు. చిత్తశుద్ధి గల అభ్యర్థిని ఎన్నుకొనుట సగము పని. అతని వెంట నిలుచు సభను ఎన్నుకొనుట తక్కిన సగము.

మన సంగతి వేరు. మనము పరదేశులము కాము, ఈ రాజ్యాంగమునకు కర్తలమైన పౌరులము. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని 1956లో చేర్చిన 350–ఎ అధికరణము చెప్పుచున్నది. ఆచరణ మాత్రము రాష్ట్ర శాసనసభల చేతిలో నున్నది. 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యముగా చేయు చట్టము తమిళనాట వచ్చినప్పుడు, ఆ దినమున సభలో మన పిల్లల మాట ఎవరు ఎత్తిరి, ఎవరు ఎత్తలేదు అన్నది సభా కార్యక్రమముల పుటలలో చూడదగినది. తెలుగు బడి నిలుపుదుమని, తెలుగు పండితుని నియమింతుమని చెప్పుచు మన సంఘముల మెట్లెక్కు ప్రతి అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను, ఆదరముతో కూర్చుండబెట్టి ఆ వెనుకటి పుటను గురించి అడుగుదము. జవాబు చెప్పగలిగినవానికి మన వోటు. చెప్పలేనివానికి మన నమస్కారము.