విశాఖ తుపాను, అన్నపూర్ణ మంచు

విద్యార్థులారా! భారతదేశ పటం ఒకటి ముందు పెట్టుకోండి. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, బస్తర్ ప్రాంతంలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్ళే దారిలో మద్దేడ్ అనే ఊరుంది. గోదావరికి, ఇంద్రావతికి చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడికి సముద్రమూ దూరమే, హిమాలయాలూ దూరమే. అయినా 2014 అక్టోబరులో బంగాళాఖాతపు తేమ దక్షిణ ఛత్తీస్‌గఢ్ మీదుగా ప్రయాణించి, హిమాలయాల్లో మంచుగా కురిసింది. ఆ ప్రయాణం ఎలా జరిగిందో, దాని నుంచి మనం ఏం నేర్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ అక్టోబరు మొదటి వారంలో అండమాన్ సముద్రం దగ్గర ఒక అల్పపీడనం ఏర్పడింది. అది బలపడి 8వ తేదీకి తుపానుగా మారింది. దానికి హుద్‌హుద్ అని పేరు. అరబ్బీలో ఇది ఒక పక్షి పేరు. ఒమన్ దేశం సూచించింది. 12వ తేదీ మధ్యాహ్నం తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నది. ఈ కథ మనలో చాలామందికి తెలుసు. సాధారణంగా మనం ఇక్కడితో ఆపేస్తాం. కాని తుపాను ఆగలేదు.

తుపానుకు బలమిచ్చేది వెచ్చని సముద్రపు నీటి ఆవిరి. నేల మీదికి రాగానే ఆ సరఫరా తెగిపోతుంది. కొండలు, అడవులు గాలిని అడ్డుకుంటాయి. అందువల్ల హుద్‌హుద్ తూర్పు కనుమలు దాటి, దక్షిణ ఒడిశా, దక్షిణ ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా వెళ్తూ బలహీనపడింది. 13వ తేదీ ఉదయానికి తీవ్ర వాయుగుండంగా, సాయంత్రానికి వాయుగుండంగా మారింది. తర్వాత ఉత్తరానికి తిరిగి, 14వ తేదీ సాయంత్రానికి తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో అల్పపీడనంగా మిగిలింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. గాలి బలం తగ్గినా, మేఘాల్లోని తేమ అంత త్వరగా తరగదు.

ఇప్పుడు పటంలో విశాఖపట్నం మీద వేలు పెట్టి, నేరుగా ఉత్తరానికి జరపండి. సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాలు వస్తాయి. అక్కడ 5,416 మీటర్ల ఎత్తున థొరాంగ్ లా అనే కనుమ ఉంది. మనాంగ్ వైపు నుంచి ముక్తినాథ్ వైపు దిగేవారు దీన్ని దాటాలి. వానాకాలం ముగిసి ఆకాశం తేటగా ఉంటుందని, చలికాలం ఇంకా ముదరలేదని, పర్వతాల్లో నడిచేవారు అక్టోబరునే ఎంచుకుంటారు. అందుకే ఆ రోజుల్లో దారి నిండా జనం ఉన్నారు.

14వ తేదీన ఆ కనుమ మీద మంచు తుపాను విరుచుకుపడింది. నడుములోతు మంచు పడింది. గాలికి మంచుపొడి లేచి, పక్కనున్న మనిషి కూడా కనిపించని పరిస్థితి ఏర్పడింది. కొందరు దారి తప్పి చలికి మరణించారు. ఆ పర్వత ప్రాంతంలో మరికొందరు మంచుచరియల కింద పడ్డారు. మొత్తం మీద కనీసం 43 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో విదేశీ యాత్రికులతో పాటు, బరువులు మోసే కూలీలు, దారి చూపేవారు, స్థానికులు ఉన్నారు. హెలికాప్టర్లతో వందల మందిని రక్షించారు.

వాన మంచుగా ఎందుకు మారింది? ఒక చిన్న లెక్క చేద్దాం. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మైదానంలో 25 డిగ్రీలుంటే, 5,416 మీటర్ల ఎత్తున అది సున్నాకు సుమారు 10 డిగ్రీలు దిగువన ఉంటుంది. తేమగాలి పర్వతాలకు తగిలి పైకి లేచినప్పుడు చల్లబడి, అక్కడ మంచుగానే కురవాలి. అదే సమయంలో పైస్థాయి పశ్చిమ గాలుల్లో ఒక ద్రోణి ఉంది. తుపాను శేషాన్ని ఉత్తరానికి లాగినదీ, గాలిని మరింత పైకి లేపినదీ అదే. ఇక కనుమ అంటే రెండు శిఖరాల మధ్య సందు. ఇరుకు సందులో దూరిన గాలి వేగం పుంజుకుంటుంది. ఇలా సముద్రపు తేమ, పర్వతపు చలి, పశ్చిమ గాలుల ద్రోణి ఒకచోట కలవడంతో చలికాలం ముందే వచ్చిపడినట్లయింది.

ఇది మొదటిసారా? కాదు. 1995 నవంబరు 9న ఆంధ్ర-ఒడిశా తీరంలో ఒక తుపాను తీరం దాటింది. మరునాటికల్లా ఎవరెస్టు ప్రాంతంలో భారీగా మంచు పడింది. గోక్యో లోయలో మంచుచరియల కింద జపాన్ యాత్రికులు, నేపాలీ సహాయకులు మరణించారు. అంటే 2014కు 19 ఏళ్ళ ముందే ప్రకృతి ఈ పాఠం ఒకసారి చెప్పింది.

తీరంలో మనం పాఠాలు నేర్చుకున్నాం, కాని చాలా మూల్యం చెల్లించాం. 1864లో ఒకే నెల వ్యవధిలో కలకత్తాను, మచిలీపట్నాన్ని తుపానులు ముంచెత్తాయి. వేలాది మంది చనిపోయారు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడడానికి అలాంటి అనుభవాలే కారణం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 2014 నాటికి ఉపగ్రహాలు, రాడార్లు వచ్చాయి. హుద్‌హుద్ రాకను రోజుల ముందే చెప్పగలిగారు, లక్షకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అంత పెద్ద నగరం మీద అంత గాలి వీచినా, ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య పదుల్లోనే నిలిచింది.

అదే తుపాను, బలం పోయిన తర్వాత, పర్వతాల్లో ఇంచుమించు అంతమందిని బలిగొన్నది. తేడా గాలివేగంలో లేదు, హెచ్చరికలో ఉంది. ప్రమాదం గురించిన సమాచారం కనుమ ఎక్కుతున్నవారికి సకాలంలో చేరలేదన్నది ఆ తర్వాత వచ్చిన ప్రధాన విమర్శ. తీరం దాటడాన్ని మనం తుపానుకు ముగింపుగా భావిస్తాం. నిజానికి అది దాని ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. తుపాను ఎంత దూరం వెళ్తుందో, హెచ్చరిక అంతకంటే ఒక రోజు ముందుగా అక్కడికి వెళ్ళాలి.

ఈసారి బంగాళాఖాతంలో తుపాను ఏర్పడినప్పుడు మీరు ఒక పని చేయండి. వాతావరణ శాఖ ప్రకటించే తుపాను కేంద్రాన్ని రోజూ పటంలో చుక్కగా గుర్తించి, చుక్కలను గీతతో కలపండి. తీరం దాటిన రోజున గీయడం ఆపకండి. ఆ గీత బస్తర్ అడవుల వైపు వెళ్తుందో, గంగా మైదానం వైపు వెళ్తుందో చూడండి. ఆ దారి చివర ఎవరున్నారో ఆలోచించండి.