జొరానికి యాజ్, జవాబుకి బికాజ్

విజయనగరం మహారాజా కాలేజీలో గురజాడ అప్పారావు ఎఫ్.ఏ., బి.ఏ. తరగతులకి ఇంగ్లీషు వ్యాకరణం కూడా చెప్పేవారు. ఆ రోజులు పోయి నూరేళ్ళు దాటింది. పిల్లల చిక్కు మాత్రం తీరలేదు: కారణం చెప్పేటప్పుడు బికాజ్ వెయ్యాలా, సిన్సా, యాజా, ఫరా?

వీటిలో ఫర్ పాత ఇంగ్లీషు నాటి ముసలిది. సిన్స్ మొదట్లో ‘ఆ తర్వాత’ అని కాలం చెప్పే మాట. తర్వాత జరిగినది ముందు జరిగినదాని వల్లేనని జనం అనుకోబట్టి మెల్లగా కారణంలోకి జారింది. ‘తమరే చెప్పాక కాదంటానా?’ అన్నప్పుడు తెలుగువాళ్ళు చేసేదీ ఇదే. యాజ్, ఆల్సో ఒకే పాత మాట అరగ్గా మిగిలిన రెండు ముక్కలు. బికాజ్ వయసులో చిన్నది. ఫ్రెంచి నుంచి వచ్చిన కాజ్‌కి ఇంగ్లీషు బై తగిలించి 14వ శతాబ్దంలో వాడుకలోకి తెచ్చారు. చాన్నాళ్ళు వెనకాల ‘దట్’ అనే తోకతో కూడా తిరిగింది.

‘ఎందుకు రాలేదు?’ అంటే జవాబుగా నిలబడేది బికాజ్ ఒక్కటే. వినేవాడికి తెలియని కారణాన్ని అది మోస్తుంది. తెలిసిన కారణాన్ని చప్పున దాటేసి అసలు సంగతికి పోవాలంటే సిన్స్‌నో యాజ్‌నో వాక్యం మొదట్లో పెడతారు. యాజ్ కారణం ముందొస్తే పరవాలేదని, వెనకొస్తే బాగుండదని 1926లో ఫౌలర్ అనే పండితుడు తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో రాశాడు. న్యాయమే. వెనకొచ్చిన యాజ్‌ని చూస్తే వాన పడుతుండగా రాలేదా, పడుతున్నందుకు రాలేదా అన్నది తేలదు. ఇక ఫర్‌తో వాక్యం ఎత్తుకోకూడదు. పుస్తకాల్లో తప్ప ఇప్పుడు ఎవరి నోటా వినపడదు కూడా.

శ్రీకాకుళం పల్లెల్లో పిల్లాడు ‘జొరమొచ్చింది కాబట్టి బడికి ఎల్నేదు’ అంటాడు. సెలవు చీటీ దగ్గరికొచ్చేసరికి బట్టీపట్టిన ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ రాసి, ఆ వెంటనే ‘సో ఐ కెనాట్ కమ్’ అంటాడు. తెలుగులో కాబట్టి రెండు ముక్కల నడుమ కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఆ చోటు ఖాళీగా కనిపించి అక్కడ సో పడుతుంది. మేష్టారు దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకోకుండా, కాబట్టి చెయ్యాల్సిన పని యాజ్ ముందే చేసేసిందని ఒక్క మాట చెబితే సరిపోతుంది.

పరీక్ష హాల్లో ఏదీ తోచకపోతే బికాజ్ రాసెయ్యొచ్చు. నాలుగింటిలో తప్పు దొర్లే వీలు తక్కువున్నది దానికే.