డెవిల్డ్ ఎగ్స్

గట్టిగా ఉడకబెట్టిన కోడిగుడ్డును నిలువునా రెండు చెక్కలుగా కోసి, పచ్చసొన తీసి, మయొనైజ్, ఆవ ముద్ద, వెనిగర్, ఉప్పు, మిరియాల పొడితో మెదిపి, తిరిగి ఆ తెల్లసొన గుంటల్లోనే నింపి చల్లగా వడ్డించే వంటకం డెవిల్డ్ ఎగ్స్. అమెరికాలో, అందులోనూ దక్షిణాది రాష్ట్రాల్లో, ఈస్టర్ విందుకీ వేసవి వనభోజనాలకీ చర్చి సహపంక్తి భోజనాలకీ ఈ పళ్లెం తప్పనిసరి. అందుకే దీన్ని అమెరికా వంటగా లెక్కగడతారు. ఆ లెక్క సగమే సరి. గుడ్డును డొల్ల చేసి నింపడం మధ్యధరా తీరంలో ఏనాడో తెలిసిన పని. అమెరికా దానికి చేర్చింది సీసాలో దొరికే మయొనైజ్. పొడిపొడిగా రాలిపోయే పచ్చసొనను ముద్దగా పట్టి ఉంచడానికి ఏ కాలంలో ఎవరు ఏం కలిపారన్నదే ఈ వంటకం చరిత్ర.

రోమ్, అందలూసియా, ఇటలీ

రోమన్ల విందు గుడ్డుతో మొదలై ఆపిల్ పండుతో ముగిసేది. అపీసియస్ పేరుమీద నిలిచిన లాటిన్ వంటల సంకలనంలో మెత్తగా ఉడికిన గుడ్లకు ఒక ఆధరువు ఉంది: మిరియాలు, లవేజ్ ఆకు, నానబెట్టిన చిల్గోజా పప్పు, తేనె, వెనిగర్, ఉప్పులో మాగబెట్టిన చేపల ద్రవం. రుచి అంతా పైన పోసేదే, గుడ్డు లోపలికి ఏదీ వెళ్లదు.

లోపలికి వెళ్లింది 13వ శతాబ్దంలో, నేటి స్పెయిన్‌లోని అందలూసియాలో. అరబ్బీలో రాసిన ఆ కాలపు వంటల పుస్తకం ఒకటి మిగిలింది, రాసినవారి పేరు మిగల్లేదు. అందులోని పద్ధతి నేటి వంటింట్లోనూ పనికొస్తుంది. గుడ్లను వేడినీళ్లలో ఉడికించి చన్నీళ్లలో వెయ్యాలి. దారంతో రెండుగా కొయ్యాలి. పచ్చసొనలో నూరిన కొత్తిమీర, ఉల్లిరసం, మిరియాలు, ధనియాలు, నూనె, ఉప్పు, బార్లీని పులియబెట్టి చేసే ముర్రీ అనే రసం వేసి ముద్ద చెయ్యాలి. దాన్ని తెల్లసొనలో కూరి, రెండు చెక్కలనూ మూసి, విడిపోకుండా చిన్న పుల్ల గుచ్చి, పైన మిరియాల పొడి చల్లాలి. దారంతో కొయ్యడం ముచ్చట కోసం కాదు. కత్తికి పచ్చసొన అంటుకుని తెల్లసొన మీద పూసినట్టవుతుంది, బిగించి లాగిన దారానికి ఆ బెడద ఉండదు.

15వ శతాబ్దపు ఇటలీలో మార్తీనో అనే పాకశాస్త్రజ్ఞుడి వంటకాలను, తర్వాతి రోజుల్లో వాటికన్ గ్రంథాలయాధికారి అయిన ప్లాతీనా లాటిన్‌లోకి తెచ్చి తన గ్రంథంలో పొందుపరిచాడు. అక్కడి నింపుడు గుడ్డులో పచ్చసొనకు జున్ను, ఎండుద్రాక్ష, పార్స్లీ, పుదీనా తోడయ్యాయి. నింపాక నూనెలో వేయించి, పుల్లని పచ్చిద్రాక్ష రసంతో చేసిన పులుసు పోసేవారు. నేటి చల్లని పళ్లేనికి అది దూరపు చుట్టమే, కానీ తియ్యదనం, పులుపు, మసాలా ఒకచోట చేరడం అప్పటికే కుదిరింది.

ఘాటు వల్ల వచ్చిన పేరు

ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం చివర, కారం, ఆవ, మిరియాలు దట్టించిన వంటలను ‘డెవిల్’ అనడం మొదలైంది. 1786 నాటికే ఆ మాట అచ్చులో కనిపిస్తుంది. మొదట అది గుడ్డుది కాదు, నిప్పుల మీద కాల్చిన మాంసపు ఎముకలది, మూత్రపిండాలది. అమెరికాలో అండర్‌వుడ్ కంపెనీ 1868లో మసాలా దట్టించిన పందిమాంసాన్ని డబ్బాల్లో పెట్టడం మొదలుపెట్టి, తర్వాత ఎర్ర దెయ్యం బొమ్మను ముద్రగా పెట్టుకుంది. శ్రీలంక భోజనశాలల్లో ‘డెవిల్డ్’ చికెన్ అంటే ఇప్పటికీ నోరు మండించేదే. అమెరికా గుడ్డులో మాత్రం ఆ ఘాటు దాదాపు ఆరిపోయింది, చిటికెడు ఆవ, రంగు కోసం చల్లే పాప్రికా తప్ప మిగల్లేదు. చర్చి విందుల్లో ఆ పేరు పలకడానికి ఇష్టపడనివారు వీటినే స్టఫ్డ్ ఎగ్స్, డ్రెస్డ్ ఎగ్స్, ఏంజెల్ ఎగ్స్ అంటారు. ఫ్రాన్సులో పచ్చసొన తురుమును పైన పూలపుప్పొడిలా చల్లి ‘మిమోసా’ గుడ్లు అంటారు.

19వ శతాబ్దపు అమెరికా వంటింట్లో పచ్చసొనను పట్టి ఉంచే పని ఎక్కువగా వెన్నదే. మయొనైజ్‌తో కలపవచ్చని చెప్పిన తొలి పుస్తకాల్లో ఫానీ ఫార్మర్ 1896లో బోస్టన్ వంటల బడి పేరుతో వెలువరించిన పుస్తకం ఒకటి. అయితే చేత్తో మయొనైజ్ గిలకొట్టడం ఓపిక ఉన్నవారి పని. నూనె ఒక్కసారిగా ఎక్కువ పడితే విరిగిపోతుంది. 1910ల తొలినాళ్లలో న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్మన్ లాంటివారు దాన్ని సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది, వంటకం ఇల్లిల్లూ చేరింది. గుడ్డు చెక్కలు దొర్లిపోకుండా గుంటలు పోసిన గాజు పళ్లేలు కూడా తయారయ్యాయి. మరే పనికీ రాని అలాంటి పళ్లెం ఇంట్లో ఉండటం ఇప్పటికీ అమెరికా దక్షిణాదిలో గృహిణికి ఒక గర్వం.

ఉడకబెట్టడంలోని కిటుకు

ఈ వంటకం చెడితే తొంభై పాళ్లు పొయ్యి మీదే చెడుతుంది, నింపేటప్పుడు కాదు. తెల్లసొన 60 డిగ్రీల సెల్సియస్ దాటాక గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందులో ఎక్కువ పాలు ఉండే ఓవాల్బ్యుమిన్ అనే మాంసకృత్తు గట్టిపడటానికి మాత్రం 80 దాకా వేడి కావాలి. పచ్చసొన 65, 70 మధ్యే బిగుస్తుంది. అంటే రెంటికీ ఒకే వేడి సరిపడదు. 2025లో నేపుల్స్ శాస్త్రజ్ఞులు గుడ్డును రెండేసి నిమిషాల చొప్పున మరిగే నీళ్లలోకీ 30 డిగ్రీల నీళ్లలోకీ మారుస్తూ 32 నిమిషాలు వండి రెంటినీ సరిగ్గా కుదిర్చారు. ప్రయోగశాలకు బాగుంది కానీ, ఇంట్లో పొయ్యి దగ్గర అరగంటకు పైగా గుడ్లు అటూ ఇటూ మార్చే తీరిక ఎవరికుంటుంది? పైగా డెవిల్డ్ ఎగ్స్‌కు పచ్చసొన ఎలాగూ గట్టిపడాల్సిందే.

ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తెల్లసొన నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ కావడమే దానికి కారణం. తింటే హాని లేదు, చూడటానికే బాగోదు. వెంటనే చల్లార్చితే కట్టదు.

పెంకు ఊడిరాకపోవడం ఇంకో బాధ. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, దానివల్ల పీహెచ్ విలువ 7.6 దగ్గర ఉండి, ఉడికాక సొన లోపొరకు అతుక్కుంటుంది. పెంకులోని సన్నని రంధ్రాల గుండా ఆ వాయువు పోయేకొద్దీ పీహెచ్ 9 దాటి, పట్టు సడలుతుంది. కనుక ఈ వంటకానికి పెరట్లో పొద్దున పెట్టిన నాటుగుడ్డు కంటే వారం నాటి గుడ్డే మేలు. నీళ్లలో వేసి చూస్తే తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది, కాస్త పాతబడ్డది మొద్దు చివర పైకెత్తి నిలబడుతుంది. పూర్తిగా తేలితే పారెయ్యాలి.

చేసే తీరు ఇదీ: నీళ్లు తెర్లుతుండగా చిల్లుల గరిటెతో గుడ్లను మెల్లగా దించాలి. చన్నీళ్లలో వేసి మరిగించిన వాటికంటే, వేడినీళ్లలో దించిన గుడ్లకే పెంకు సులువుగా వస్తుంది. అర నిమిషం తర్వాత మంట తగ్గించి 11, 12 నిమిషాలు ఉంచి, ఐస్ నీళ్లలో పావుగంట వెయ్యాలి. గాలి గది ఉండే మొద్దు చివర తట్టి, నీళ్లలోనే ఒలవాలి. ఆరు గుడ్ల పచ్చసొనకు మూడు పెద్ద చెంచాల మయొనైజ్, చిన్న చెంచాడు ఆవ సాస్, అంతే వెనిగర్ చాలు. మన ఇంట్లో నూరిన ఆవ వేస్తే సగమే వెయ్యండి, దాని ఘాటు వేరు. జల్లెడలో రుద్దితే ముద్ద వెన్నలా వస్తుంది. మూల కత్తిరించిన ప్లాస్టిక్ సంచిలోంచి గుంటల్లోకి ఒత్తి, పైన కారం చల్లితే పని అయింది.

మన వైపు చుట్టాలు

కలకత్తాలో డిమేర్ డెవిల్ అని అమ్మేది పేరుకే ఈ వంటకం. ఉడికిన గుడ్డు చుట్టూ ఖీమా గానీ ఆలూ ముద్ద గానీ పట్టించి, రొట్టె పొడిలో పొర్లించి వేయిస్తారు. తెలుగువాళ్లు గుడ్డు పులుసులో గుడ్డుకు గాట్లు పెడతారు, పులుసు లోపలికి ఇంకాలని. ఇక్కడ పచ్చసొన చోటు కదలదు. బజ్జీల బండి మీద గుడ్డు బజ్జీని చీల్చి, ఉల్లి తరుగు, కారం, కొత్తిమీర కూరి నిమ్మకాయ పిండి ఇస్తారు కదా, డెవిల్డ్ ఎగ్‌కు మన దగ్గర అన్నిటికంటే దగ్గరి చుట్టం అదే. అమెరికాలోని తెలుగు వంటింట్లో ఎవరైనా మయొనైజ్ ముద్దలో పచ్చిమిర్చి, కొత్తిమీర వేస్తే అది కల్తీ కాదు, అందలూసియా గుడ్డులో కొత్తిమీర ఎప్పుడో ఉంది.

నింపిన గుడ్లను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఒకటి రెండు రోజుల్లో తినెయ్యాలి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో అయితే గంటే గడువు.