దక్షిణ కొరియా తొలి మహిళా అధ్యక్షురాలు: ఉత్థానం, పతనం

మన తెలుగువారిలాగే కొరియన్లు కూడా ఇంటిపేరు ముందు చెప్పి, తర్వాత సొంత పేరు చెబుతారు. పార్క్ గ్యున్-హే అన్న పేరులో పార్క్ అనేది ఇంటిపేరు. పాఠం చదువుతున్నంతసేపూ ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి. ఆమెను గద్దె ఎక్కించింది ఆ ఇంటిపేరే. దింపడంలోనూ దానికి వాటా ఉంది.

ముందుగా ఒక తేడా గమనించాలి. దక్షిణ కొరియా అధ్యక్షపదవి మన రాష్ట్రపతి పదవి వంటిది కాదు. అక్కడ అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. పాలనాధికారం ఆయనదే. గడువు ఐదేళ్లు, అదీ ఒక్కసారి మాత్రమే.

ఆమె తండ్రి పార్క్ చుంగ్-హీ 1961 మేలో సైనిక తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చాడు. పేదదేశాన్ని పారిశ్రామిక దేశంగా మార్చిన ఘనత ఆయనకు ఇస్తారు. ప్రత్యర్థులను జైళ్లలో పెట్టించిన వాడూ ఆయనే. 1972లో ‘యూషిన్’ రాజ్యాంగం తెచ్చి, పదవిలో ఎంతకాలమైనా కొనసాగే వీలు కల్పించుకున్నాడు. 1974లో ఆ రాజ్యాంగాన్ని విమర్శించడమే నేరమని ఉత్తర్వు జారీ చేశాడు. అదే ఏడాది ఆగస్టు 15న (అది కొరియాకు కూడా విముక్తి దినమే) సియోల్‌లో ఆయనపై జరిగిన కాల్పుల్లో భార్య మరణించింది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న 22 ఏళ్ల కూతురు తిరిగివచ్చి, తల్లి స్థానంలో ప్రథమ మహిళ బాధ్యతలు తీసుకుంది. 1979 అక్టోబరు 26న తండ్రిని సొంత గూఢచార సంస్థ అధిపతే విందులో కాల్చి చంపాడు.

తల్లి పోయిన ఆ రోజుల్లోనే మత బోధకుడినని చెప్పుకునే చోయ్ తే-మిన్ ఆమెకు దగ్గరయ్యాడు. అతని కూతురు చోయ్ సూన్-సిల్‌తో ఏర్పడిన స్నేహం దశాబ్దాలు నిలిచింది.

1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయిన జనానికి పాత అభివృద్ధి రోజులు గుర్తుకొచ్చాయి. మరుసటి ఏడాదే ఆమె ఉప ఎన్నికలో గెలిచి జాతీయ శాసనసభలో అడుగుపెట్టింది. 2012 డిసెంబరులో మూన్ జే-ఇన్‌పై 51.6 శాతం ఓట్లతో అధ్యక్షురాలైంది. వృద్ధ ఓటర్లు ఆమెకు పెద్ద అండ. దీన్ని స్త్రీల ఉద్యమం సాధించిన విజయం అనడం కష్టం. సిరిమావో బండారనాయకే, బేనజీర్ భుట్టోల కథలు తెలిసిన మనకు ఇది కొత్తా కాదు.

2014 ఏప్రిల్ 16న సెవోల్ ఓడ మునిగి 304 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది విహారయాత్రకు బయలుదేరిన బడిపిల్లలు. ఆ కీలకమైన గంటల్లో అధ్యక్షురాలు ఏం చేస్తోందన్న ప్రశ్న ఆమెను చివరిదాకా వదలలేదు. 2016 అక్టోబరులో ఒక టీవీ ఛానల్ అసలు గుట్టు బయటపెట్టింది. ఏ పదవీ లేని చోయ్ సూన్-సిల్ చేతికి అధ్యక్షురాలి ప్రసంగాల చిత్తుప్రతులు ముందుగానే చేరేవి. ఆమె కనుసన్నల్లో నడిచిన రెండు ఫౌండేషన్లకు పెద్ద పారిశ్రామిక సంస్థలు సుమారు 7,740 కోట్ల వాన్‌లు ఇచ్చాయి. తండ్రి కాలంలో భవనంలో నడిచిన పద్ధతే, నమ్మిన ఒకరిద్దరితోనే పాలన, ఇక్కడా కనిపిస్తుంది.

ప్రతి శనివారం లక్షలాదిమంది కొవ్వొత్తులతో సియోల్ వీధుల్లోకి వచ్చారు. డిసెంబరు 9న అభిశంసన తీర్మానానికి 300 మంది సభ్యులలో 234 మంది ఓటు వేశారు. 200 చాలు. అంటే సొంత పార్టీవాళ్లు కూడా వేశారన్నమాట.

2017 మార్చి 10న రాజ్యాంగ న్యాయస్థానంలోని ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆమెను తొలగించారు. ఈ తీర్పును కాస్త శ్రద్ధగా చూడండి. ఓడ ప్రమాదాన్ని తొలగింపునకు కారణంగా న్యాయస్థానం అంగీకరించలేదు. పత్రికాస్వేచ్ఛను అణచారన్న ఆరోపణకూ ఆధారాలు చాలవంది. స్నేహితురాలి జోక్యాన్ని దాచడం, ఆమె కోసం అధికారాన్ని దుర్వినియోగం చేయడం మాత్రమే నిలిచాయి. వీధిలో ఎంత కోపం ఉన్నా తీర్పు దాని వెంట పరుగెత్తలేదు. పైగా ఆ న్యాయస్థానం 1988లో ఏర్పడింది. సైనిక పాలనకు వ్యతిరేకంగా 1987లో జరిగిన ప్రజా ఉద్యమం ఫలితమది. తండ్రి కాలంలో నోరెత్తితే జైలు. కూతురి కాలంలో తీర్పును దేశమంతా టీవీలో ప్రత్యక్షంగా విన్నది.

ఆ నెలాఖరున ఆమె అరెస్టయింది. 2021 జనవరి నాటికి శిక్షలు మొత్తం 22 ఏళ్లుగా ఖరారయ్యాయి. అదే డిసెంబరులో ఆమెకు క్షమాభిక్ష పెట్టిన అధ్యక్షుడు, 2012లో ఆమె చేతిలో ఓడిన మూన్ జే-ఇన్.

ఆమె కేసు దర్యాప్తు బృందంలో ప్రముఖుడైన ప్రాసిక్యూటర్ యూన్ సుక్-యోల్ 2022లో అధ్యక్షుడయ్యాడు. 2024 డిసెంబరు 3 రాత్రి సైనిక శాసనం ప్రకటించాడు. 2025 ఏప్రిల్ 4న అదే న్యాయస్థానం అతన్నీ తొలగించింది. ఈసారి కూడా ఎనిమిది మంది, ఏకగ్రీవంగా.