దివిసీమలో శవాలు మోసినవాళ్ళు

నవంబరు 19న ఏం జరిగిందో మీ టీములో ఉన్న తెలుగువాళ్ళని అడిగి చూడండి. కృష్ణా, గుంటూరు తీరం వైపు వాళ్ళెవరైనా ఉంటే తప్ప ఠక్కున చెప్పేవాళ్ళు దొరకడం కష్టం. అదే సెప్టెంబరు 11 అని అడగండి, ఏ టవరు ముందు కూలిందో కూడా చెప్తారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఆ రోజు తర్వాత వీసాలు, ఎయిర్‌పోర్టు సోదాలు, ఆగిపోయిన ప్రాజెక్టులు, ఇవన్నీ మన బతుకుల్లోకి వచ్చాయి కాబట్టి గుర్తుంది. కాకపోతే 1977 నవంబరు 19, శనివారం సాయంత్రం దివిసీమ మీదా ఆ చుట్టుపక్కల తీరం మీదా ఉప్పెన విరుచుకుపడితే చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. అనధికారంగా చెప్పే లెక్కలు దీనికి కొన్ని రెట్లు.

మాది ఉంగుటూరు. గన్నవరం పక్కది. (ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్యలో ఉండే ఉంగుటూరు వేరే, నా అడ్రసు రాసుకున్న ప్రతివాళ్ళకీ ఇది చెప్పాల్సి వస్తుంది.) మాది నూజివీడు మామిడి తోటల వైపు. సముద్రం మాకు యాభై కిలోమీటర్ల పైమాటే, దివిసీమ ఇంకా కిందకి. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది కదా, ఆ రెండింటి మధ్య నేల అది. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక. ఆ రోజు మా వైపు గాలికి చెట్లు పడిపోయాయి, పాకలు లేచిపోయాయి, కోతకొచ్చిన వరి నేలకొరిగింది. మాకు జరిగిందే పెద్ద నష్టం అని మావాళ్ళు అనుకున్నారట. టెలిఫోను తీగలు తెగిపోయాయి, రోడ్ల నిండా చెట్లు. కింద ఊళ్ళకి ఊళ్ళే లేవన్న సంగతి రావడానికి టైము పట్టింది.

అయిదారు మీటర్ల ఎత్తున నీళ్ళు వచ్చాయి. దివిసీమవాళ్ళు తాడిచెట్టంత అల అంటారు. సొర్లగొంది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళకి కోలుకోలేని దెబ్బ తగిలింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది జాలర్లు, కూలీలు, పూరిపాకల్లో ఉండేవాళ్ళు. కోతల రోజులు కాబట్టి పనికోసం వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఎవరు లెక్కపెడతారు? సంఖ్యే తేలనప్పుడు ఇక పేర్లెక్కడ తేలతాయి? అన్నట్టు అదే రోజున ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ జెరూసలేంలో దిగాడు, ప్రపంచం చూపంతా అటే ఉంది.

ఆ తర్వాత జరిగిన దాంట్లో మనకి బాగా గుర్తున్నది ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరేగింపుగా విరాళాలు వసూలు చేయడం. అది మంచి పనే, డబ్బులు వచ్చాయి, జనం కదిలారు. అయితే సినిమావాళ్ళ జోలె మనకి గుర్తుండిపోయి, దానికంటే కష్టమైన పని చేసినవాళ్ళు గుర్తు లేకుండా పోయారు. ఆ పని శవాలు తీయడం.

మా పెదనాన్నకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో బియ్యం, పాత బట్టలు, పులిహోర పొట్లాలు పోగుచేసి లారీలో వేసుకుని పదిమంది వెళ్ళారు. తీరా అక్కడికి పోతే పులిహోర కంటే ముందు కావాల్సినవి కిరోసిను, తాళ్ళు, పారలు, మూతికి కట్టుకోవడానికి గుడ్డలు. శవాలు పొలాల్లో, తుమ్మకంపల్లో, కాలవల్లో, పశువుల కళేబరాలతో కలిసి ఉన్నాయి. వారాల తరబడి దొరుకుతూనే ఉన్నాయి. ఎవరు ఎవరో తెలియదు. ఏ కులం, ఏ మతం, దహనమా ఖననమా అని అడిగే వీలే లేదు. వీళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని, నీలగిరి తైలం రాసుకుని, ఒక్కోచోట గుట్టగా వేసి కాల్చారు. ఎనిమిది రోజులున్నారు. చేపలు మళ్ళీ తినడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది. ఇదంతా ఆయన నాకు కథలా ఏనాడూ చెప్పలేదు, ఏదో సందర్భంలో ఒక ముక్కా ముక్కా చెప్తే నేను అతికించుకున్నాను.

ఆ బురదలో పనిచేసినవాళ్ళ జాబితా చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రామకృష్ణ మిషన్ స్వాములు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు, ఆరెస్సెస్ వాళ్ళు, కమ్యూనిస్టు కార్యకర్తలు, క్రైస్తవ మిషన్లు, కాలేజీ పిల్లలు. నాస్తిక కేంద్రం గోరా గారు 1940లో ముదునూరులో పెట్టింది, మా ఊరికి ఏమంత దూరం కాదు. 1947లో విజయవాడకి మారింది. గోరా గారు 1975లోనే పోయారు, ఆయన పిల్లలూ సహచరులూ వెళ్ళి పనిచేశారు. దేవుడున్నాడన్నవాళ్ళూ లేడన్నవాళ్ళూ ఒకే ప్రాంతంలో, ముక్కూ మొహం తెలియని శవాలకి ఆఖరి పని చేశారు. ఆ పదివేల మందికి మనం ఇచ్చిన మొదటి గౌరవం అదే. దివిసీమలో ఉప్పెన స్మారక స్థూపం కూడా ఉంది, అది తర్వాత కట్టింది.

రాజకీయం గురించి ఎక్కువ రాయను. వెంగళరావు గారి ప్రభుత్వం మీద విమర్శలు వచ్చాయి, మూణ్ణెల్లలో ఎన్నికలు కూడా. ఆ గొడవలో కూడా అవనిగడ్డ మనిషి మండలి వెంకటకృష్ణారావు గారు ఊళ్ళని తిరిగి నిలబెట్టే పనిని తన పనిగా పెట్టుకున్నారు. 1975 ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మంత్రిగా ఆయన పేరు పుస్తకాల్లో ఉంటుంది కానీ, దివిసీమవాళ్ళకి ఆయన అంటే ఉప్పెన తర్వాతి రోజులే.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి. గ్లెన్ విన్యూక్ అని ఒక లాయరు, వాలంటీరు ఫైర్‌మ్యాన్ కూడా. సెప్టెంబరు 11న దగ్గర్లోనే ఉన్న ఆఫీసు నుంచి టవర్ల వైపు పరిగెత్తి చనిపోయాడు. వాళ్ళ సోదరుడు జే విన్యూక్, అతని స్నేహితుడు డేవిడ్ పెయిన్ కలిసి ఆ రోజుని సేవ చేసే రోజుగా మార్చాలని పట్టుబట్టారు. 2009లో చట్టంలోకి ఎక్కింది. మనవాళ్ళు చాలామంది ఆ రోజు ఫుడ్‌బ్యాంకుల్లో పొట్లాలు కట్టి ఉంటారు. 2011లో తెరిచిన స్మారకంలో 2,983 పేర్లు కంచు మీద చెక్కారు. మనకా పేర్ల భాగ్యం లేదు. అయితే సేవా దినం అనగానే కంపెనీ టీషర్టు, ఒక మొక్క, ఒక గ్రూపు ఫోటో అయిపోతోంది. మొక్క మంచిదే. కాకపోతే చనిపోయినవాళ్ళ పేరు మీద చేస్తున్నప్పుడు, వాళ్ళు ఎందుకు చనిపోయారో దానికీ మన పనికీ సంబంధం ఉండాలి అని నా వాదన.

వాళ్ళు ఎందుకు చనిపోయారు? హెచ్చరిక అందాల్సినవాళ్ళకి అందలేదు, అందినా ఎక్కడానికి గట్టి మేడ లేదు. ఆ తర్వాత ఈ రెండింటి మీదే పని జరిగింది. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, సరుగుడు తోటలు వేశారు, 1980లలో ఇన్శాట్ నుంచి నేరుగా తీరప్రాంతాల్లో సైరన్ మోగించి తెలుగులో హెచ్చరిక వినిపించే రిసీవర్లు పెట్టారు. 1990 మే 9న దాదాపు అక్కడే, కృష్ణా ముఖద్వారం దగ్గరే, ఇంకో భయంకరమైన తుపాను తీరం దాటింది. ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. వెయ్యి చిన్న సంఖ్య కాదు, కానీ పదమూడేళ్ళ క్రితం ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి.

ఇంతకీ షెల్టరు కట్టడం అంటే బ్యాకప్ తీసుకోవడం లాంటిది. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని మనలో ఎవరూ నమ్మరు. డేటా సెంటరుకైతే ఏడాదికోసారి డిజాస్టర్ రికవరీ డ్రిల్ పెట్టి, రాత్రంతా కాల్‌లో కూర్చుని, తెల్లారి రిపోర్టు రాస్తాం. మరి షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది, అర్ధరాత్రి ఆ మనిషి ఊళ్ళో లేకపోతే రెండోది ఎవరి దగ్గరుంది, మంచం మీద ఉన్న ముసలమ్మని ఎవరు మోసుకెళ్తారు? వీటికి కోడ్ అక్కర్లేదు, ఒక చెక్‌లిస్టు చాలు. అది రాయడం మనకి వచ్చినంత బాగా ఎవరికీ రాదు.

ఈ నవంబరులో మేం నలుగురం నాగాయలంక వైపు వెళ్తున్నాం. ముందుగా పంచాయతీవాళ్ళతో మాట్లాడాం. మూడు ఊళ్ళు, మూడు షెల్టర్లు. తలుపులు, మెట్లు, నీళ్ళ ట్యాంకు, కరెంటు, తాళంచెవులు, ఇవి చూసి రాసి వాళ్ళకీ మండలాఫీసుకీ ఇవ్వడం మొదటి పని, చిన్న రిపేర్లు చేతనైతే మేమే చేయించడం రెండోది. పెదనాన్నకి ఫోన్ చేసి చెప్తే అంతా విని, "అన్నం, నీళ్ళు మీరే పట్టుకెళ్ళండిరా, వాళ్ళ మీద పడి తినకండి" అన్నారు.